పరాయి కళ్లతో పొదుపు

జిల్లా కేంద్రంలో ఒక ట్యాక్స్ కన్సల్టెంటు ఆఫీసు ఉందనుకుందాం. నాలుగైదు టేబుళ్లు, ఒక క్యాబిను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడంతో పాత కంప్యూటర్లు మార్చే పని ఇలాంటి ఆఫీసులు చాలావాటి నెత్తిన పడింది. యజమాని రెండు మూడు చోట్ల కొటేషన్లు తెప్పిస్తాడు, బేరమాడతాడు, చివరికి తేలుస్తాడు: సీపీయూలు కొత్తవి కొందాం, మానిటర్లు మాత్రం ఉన్న 18.5 అంగుళాలవే కానిద్దాం. కొత్తవి కొనక తప్పకపోతే అన్నిటికన్నా చవకవి చాలు. ఆ నిర్ణయానికి ఒక మాట తోడవుతుంది: ఉన్నదాంతో సర్దుకోవాలి గానీ ఆడంబరాలు దేనికి అని. ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. తృప్తికీ మితానికీ ఈ నేల మీద తరతరాలుగా ఉన్న గౌరవమంతా దానికి అండగా నిలబడి ఉంది. నా సందేహం సరిగ్గా అక్కడే. తన కోరికలను తాను తగ్గించుకోవడం గొప్ప గుణమని మన సంప్రదాయాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ గుణాన్ని ఇంకొకరి కళ్ల మీద, ఇంకొకరి మెడ మీద ఆచరించవచ్చా? ఆచరిస్తే దాన్ని అపరిగ్రహం అనవచ్చా? అనకూడదని నా వాదన. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఆ పుణ్యం అల్లుడి ఖాతాలో పడదని మనకు తెలుసు. అత్త సొమ్ముతో అల్లుడు చేసే ఉపవాసం గురించి మాత్రం పెద్దగా ఆలోచించలేదు.

ఇంటికి కొనే వస్తువుకూ ఆఫీసుకు కొనే వస్తువుకూ ఒక తేడా ఉంది. ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తే చెడేది కొన్నవాడి నిద్రే. ఆఫీసులో డబ్బు పెట్టేవారు ఒకరు, ఆ వస్తువు ముందు రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చునేవారు మరొకరు. మొదటివారికి తెలిసేది బిల్లు, రెండోవారికి తెలిసేది తెర. 18.5 అంగుళాల పాత తరం తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి, అంటే మొత్తం పది లక్షల 49 వేలు. ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం 20 లక్షల 73 వేలు. దాదాపు రెట్టింపు. ఎక్సెల్‌లో మామూలు వెడల్పు గడులు మొదటిదాని మీద ఇరవై దాకా కనిపిస్తే రెండోదాని మీద 29 దాకా కనిపిస్తాయి. ఇది సోకు లెక్క కాదు. ప్రతి నెలా 11వ తేదీ జీఎస్టీఆర్-1కి, 20వ తేదీ 3బికి గడువు. ఆ లోపల గుమస్తా చేయాల్సిన పని ట్యాలీలోని కొనుగోళ్ల రిజిస్టరును పోర్టల్లోని 2బి స్టేట్‌మెంటుతో బిల్లు బిల్లుకూ సరిచూడటం. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకునే చోటుంటే అది చూపు పని. చోటు లేకపోతే జ్ఞాపకం పని అవుతుంది: ఇక్కడ ఒక పదిహేనంకెల జీఎస్టీ నంబరు చూసి, బుర్రలో పెట్టుకుని, కిటికీ మార్చి, అక్కడ వెతికి, అనుమానమొచ్చి మళ్లీ వెనక్కి రావడం. వందోసారో రెండు వందలోసారో ఒక అంకె జారుతుంది. జారినప్పుడు చీవాట్లు ఎవరికి? శ్రద్ధ లేదని గుమస్తాకి. తెర చిన్నదన్న సంగతి ఆ లెక్కలోకి రాదు.

శరీరం సంగతి ఇంకా స్పష్టం. తెరను చూస్తున్నప్పుడు మనిషి రెప్పలు వేయడం బాగా తగ్గిపోతుందనీ, కళ్లు పొడిబారి మండేది అందుకేననీ కంటి వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే కొద్దీ కంటిలోని చిన్న కండరం బిగిసే ఉంటుంది, అక్షరం చిన్నదైతే మనిషి ఇంకా దగ్గరికి వంగుతాడు. నలభై దాటినవాళ్లకు మరో చిక్కు. రెండు చూపుల కళ్లద్దాల్లో దగ్గర చూపు భాగం కింద ఉంటుంది. కాబట్టి తెర కాస్త ఎత్తుగా ఉందంటే గడ్డం పైకెత్తి చూడాలి. అలా ఒక పూట చూడండి, మెడ ఏమంటుందో తెలుస్తుంది. పొడుగు మనిషికి అదే తెర ఎత్తు చాలదు. చవక మానిటర్ల స్టాండు ముందుకూ వెనక్కూ వంగుతుంది తప్ప లేవదు, దిగదు. అందుకే మన ఆఫీసుల్లో మానిటర్ల కింద ఏ4 కాగితాల కట్టలూ పాత డైరీలూ కనిపిస్తాయి. లేపడానికి కట్ట పెట్టొచ్చు, దించడానికి ఏం పెడతారు? ఇక తెలుగులో పనిచేసే డీటీపీ సెంటర్లలోనూ దస్తావేజులు రాసే చోట్లా అక్షరమే ఒక పరీక్ష. ఇంగ్లిషు అక్షరం ఒక గీత మీద నడుస్తుంది. మనది పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు. ద కింద చిన్న గీత చేరితే ధ, లోపల చుక్క పడితే థ. చుక్కలు తక్కువున్న తెర మీద ఆ గీత ఉందో లేదో పోల్చుకోవడం ఊహ మీద జరిగే పని. ఇక్కడ పెద్ద తెర కొంటే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద అంగుళానికి 82 చుక్కలే ఉంటాయి, పాత 18.5 అంగుళాలదాని మీద 85 ఉన్నాయి. అదే ఫుల్ హెచ్‌డీ 24 అంగుళాల్లో 92, 21.5 అంగుళాల్లో 102. కొలత పెరిగితే అక్షరం పెద్దదవుతుంది, తేటపడదు.

ఇంత భారం తెర మీద ఉండగా డబ్బు ఎక్కడికి పోతోంది? కొటేషన్లో కంటికి కొట్టొచ్చే అంకె ప్రాసెసరుది. ఐ3 కన్నా ఐ5 గొప్ప, ఐ5 కన్నా ఐ7 గొప్ప. ట్యాలీకీ బ్రౌజరుకూ ఎక్సెల్‌కీ ఐ3 స్థాయి ప్రాసెసరు, ఎనిమిదో పదహారో జీబీల ర్యామ్ ఉంటే నిక్షేపంగా నడుస్తాయి. పాత కంప్యూటరు ఈడుస్తోందంటే చాలాసార్లు కారణం ప్రాసెసరు కాదు, లోపల తిరిగే పాత హార్డ్ డిస్కు. దాని చోట ఎస్‌ఎస్‌డీ పెడితే మనిషి టీ తాగి వచ్చేదాకా తెరుచుకోని యంత్రం నిమిషం లోపు తెరుచుకుంటుంది. ఇవి తెలిసినా, కొనేవాడి మనసు అవసరం లేనిచోట ఖర్చుపెట్టి అవసరమైన చోట బిగబట్టుకుంటుంది. ఎందుకంటే ప్రాసెసరు ఆఫీసు ఆస్తిలా కనిపిస్తుంది, మానిటరు గుమస్తా సౌకర్యంలా కనిపిస్తుంది. క్యాబిన్లో పెద్ద తెర ఒకటి ఎలాగూ ఉంటుంది, తరచుగా దాని మీద ఆడేది సీసీ కెమెరా దృశ్యం. దసరాకి ఆయుధపూజ నాడు అన్ని తెరలకూ సమానంగా పసుపూ కుంకుమా పెడతారు, అది వేరే సంగతి. పనిముట్టుకు మొక్కే సంస్కృతి ఆ పనిముట్టుకు కట్టుబడిన ప్రాణి గురించి కూడా ఏదైనా అనుకుని ఉంటుందా? అనుకుంది. మనం చదవడం తగ్గించామంతే.

అపరిగ్రహాన్ని యోగసూత్రాల్లో పతంజలి ఐదు యమాల్లో చివరిదిగా చెప్పాడు. మొదటిది అహింస. ఈ వరుసకు వ్యాసభాష్యం ఒక అర్థం చెబుతుంది: మిగతా యమనియమాలన్నిటికీ వేరు అహింసే, దాన్ని నిర్మలం చేయడానికే తక్కినవి. అపరిగ్రహం దగ్గరికొచ్చాక అదే భాష్యం, వస్తువులను ఎందుకు వద్దనుకోవాలో కారణాలు లెక్కపెడుతుంది. సంపాదించడంలో కష్టం, కాపాడుకోవడంలో కష్టం, పోతే దుఃఖం, ఉంటే వ్యామోహం, వీటన్నిటితో పాటు హింస. ఈ దోషాలను చూసినవాడు స్వీకరించకుండా ఉండటమే అపరిగ్రహమని దాని మాట. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, చూసేవాడూ వదులుకునేవాడూ ఒక్కడే. దోషం ఒకడు చూసి త్యాగం మరొకడి చేత చేయించే వీలు ఆ నిర్వచనంలో లేదు. రెండోది ఇంకా ముఖ్యం. వదులుకోవడానికి చెప్పిన కారణాల్లో హింస ఉంది కాబట్టి, వదులుకోవడం వల్లనే హింస పుట్టే చోట ఆ కారణం తిరగబడుతుంది. ఒక మనిషి మెడ నొప్పికి కారణమైన పొదుపు తన వేరును తానే నరుక్కున్న పొదుపు. దానికి పేరు పెట్టాల్సొస్తే లోభమనాలి. వేమన లోభిని ఎన్ని పద్యాల్లో ఎన్ని రకాలుగా ఎగతాళి చేశాడో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు.

జైనులు ఈ సంగతిని ఇంకా నిక్కచ్చిగా చూశారు. సన్యాసికి పూర్తి అపరిగ్రహం, గృహస్థుకు పరిగ్రహ పరిమాణం, అంటే నాకు ఇంతే చాలు అని తనకు తాను గీత గీసుకునే వ్రతం. దిగంబర ఆచార్యుడు సమంతభద్రుడు రత్నకరండ శ్రావకాచారంలో ఈ వ్రతానికి భంగం కలిగించే ఐదు పనులు చెప్పాడు. మోతకూ ప్రయాణానికీ వాడే జంతువులను మితిమీరి నడిపించడం, అతిగా పోగుచేయడం, ఇతరుల సంపద చూసి విస్తుపోవడం, లోభం, మోయలేనంత బరువు మోయించడం. పోగుచేయడం, లోభం ఈ జాబితాలో ఉన్నాయంటే అర్థమవుతుంది. మితిమీరి నడిపించడం, బరువు మోయించడం ఇక్కడికెందుకొచ్చాయి? అవి హింస కిందికి రావాలి గదా. వచ్చాయి కూడా. అహింసా వ్రతానికి చెప్పిన దోషాల్లోనూ అతిభారం ఉంది. అయినా ఆస్తికి హద్దు పెట్టుకునే వ్రతంలో మళ్లీ చెప్పాడు. దీనికి నాకు తోచే కారణం ఇది: ఇంతకన్నా ఎక్కువ ఉంచుకోనని మొక్కుకున్న మనిషికి ఒక దొంగదారి ఎదురుగా తెరిచి ఉంటుంది. నాలుగెడ్లే అని గీత గీసుకుని వాటితో ఎనిమిదెడ్ల పని చేయించుకోవచ్చు. లెక్కకు వ్రతం నిలబడుతుంది, లాభమూ తగ్గదు, తగ్గేది ఎద్దు ఆయుష్షే. ఆ దారిని మూసేశాడు సమంతభద్రుడు. ఎక్కువ ఉంచుకోవడం ఎంత వ్రతభంగమో, తక్కువ ఉంచుకుని దాన్నుంచి ఎక్కువ పిండుకోవడమూ అంతే వ్రతభంగం. 18.5 అంగుళాల తెర ముందు నెలకు వేలకొద్దీ బిల్లులు సరిచూయించే ఆఫీసు నిరాడంబరంగా ఉందని చెప్పుకోవడం కుదరదు. అక్కడ మితం వస్తువులో ఉంది, అతి మనిషి మీద పడింది.

ధర్మశాస్త్రాలు ఆత్మ గురించీ మోక్షం గురించీ చెబుతాయి, వాటిని తెచ్చి కంప్యూటర్ బల్లకు అతికించడం ఏం న్యాయమని ఒక అభ్యంతరం రావచ్చు. కానీ శాస్త్రాలు సరంజామా దాకా దిగాయి. పరాశర స్మృతి రెండో అధ్యాయంలో వ్యవసాయం గురించి చెబుతూ, నాగలికి ఎన్ని ఎద్దులుండాలో లెక్క కట్టారు. ఎనిమిది ఎద్దులు కడితే అది ధర్మమైన నాగలి, ఆరు కడితే బతుకుతెరువు కోసం ఒప్పుకోదగ్గది, నాలుగు కట్టేవాళ్లు దయలేనివాళ్లు, రెండే కట్టేవాళ్లు ఎద్దును చంపేవాళ్లతో సమానం. ఆకలిగా, దాహంగా, అలసి ఉన్న ఎద్దును కట్టకూడదనీ అక్కడే ఉంది. ఇది పనిముట్టుకూ పనిచేసే ప్రాణికీ మధ్య ఉండాల్సిన పొంతన గురించిన మాట. దున్నడం పాపమా పుణ్యమా అనేది వేరు, ఏ సరంజామాతో దున్నిస్తున్నావన్నది వేరు అని గుర్తుపట్టిన మాట. గుమస్తాను ఎద్దుతో పోలుస్తున్నావా అని కోపగించుకోనక్కర్లేదు. రెండు చోట్లా ఒకటే ఉన్నది సరంజామా ఎంచుకునే హక్కు లేకపోవడం. ఎద్దుకు నోరు లేదు, గుమస్తాకు ఉన్నా చాలాసార్లు వాడలేడు. అదే స్మృతులు మనుషుల్ని పుట్టుకను బట్టి విడగొట్టాయి, ఎద్దు మీద చూపిన జాలి కొందరు మనుషుల మీద చూపలేదు అనేవాళ్లకు నా దగ్గర సమర్థన లేదు. వాళ్లన్నది నిజం. నేను ఆ గ్రంథాన్ని ప్రమాణంగా తేవడం లేదు. సరంజామా ధర్మ విషయం కాదనేవాళ్లకు, అది ధర్మ విషయమేనని ఒకప్పుడు ఇక్కడివాళ్లు అనుకున్నారని చూపడానికే తెచ్చాను.

అయితే ఆ లెక్కలో ఒక అసాధ్యం కనిపిస్తుంది. ఎనిమిది ఎద్దులు ఎవడికున్నాయి? తెలుగు నేల మీద రైతు అంటే జత ఎద్దుల రైతే. అంటే మన తాతలంతా ఎద్దుల్ని చంపేవాళ్లేనా? ఇదే రెండో అభ్యంతరం, అన్నిటికన్నా గట్టిది: చిన్న ఆఫీసు యజమాని కూడా జత ఎద్దుల రైతులాంటివాడే, నెలాఖరుకు జీతాలిచ్చి అద్దె కట్టేసరికి చేతిలో మిగిలేది అంతంతమాత్రం, అతనికి ధర్మపన్నాలు చెప్పడం సులువే అని. దీనికి స్మృతి వాక్యాల్లోనే ఒక జవాబుంది, నాకు చాలా నచ్చిన జవాబు. ఎనిమిది ఎద్దులుంటే రోజంతా దున్నవచ్చు, ఆరుంటే మూడు పాళ్లు, నాలుగుంటే మధ్యాహ్నం దాకా, రెండే ఉంటే రోజులో నాలుగో వంతు. అంటే పేదరికం తప్పు కాదు. పేదరికపు సరంజామాతో సంపన్నుడి పని రాబట్టుకోవడం తప్పు. మంచి తెర కొనలేని ఆఫీసు గంటకోసారి లేచి తిరగనివ్వాలి, ఇరవై నిమిషాలకోసారి కిటికీ బయటికి దూరంగా చూస్తే పని ఎగ్గొడుతున్నారనుకోకూడదు, 20వ తేదీ గడువుకు 19 రాత్రి దాకా బిల్లులు పోగుచేసి ఒక్కసారి మీద పడేయకూడదు. పైసా ఖర్చులేని ఈ పనులు చేయకుండా డబ్బు లేదనేవారి మాటను నేను పూర్తిగా నమ్మలేను. డబ్బు లెక్కే చూసినా, చవకైన 18.5 అంగుళాల తెరకూ 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెరకూ తేడా రెండు మూడు వేల రూపాయలు. మూడు వేలే అనుకుందాం. మానిటరు తేలిగ్గా ఆరేళ్లు పనిచేస్తుంది. ఏడాదికి మూడు వందల పనిదినాలు వేసుకుంటే 1,800 రోజులు. రోజుకు పడేది రూపాయి అరవై ఏడు పైసలు, ఏ ఊళ్లోనూ అంతకు టీ రాదు. కంప్యూటర్ల మీద ఏడాదికి 40 శాతం తరుగుదల చూపుకోవచ్చనీ, కట్టిన 18 శాతం జీఎస్టీని క్రెడిట్‌గా తీసుకోవచ్చనీ ట్యాక్స్ కన్సల్టెంటుకు నేను చెప్పాలా. ఐ5 చోట ఐ3 తీసుకుంటే ఈ మూడు వేలూ అక్కడే వచ్చేస్తాయి, పైన ఇంకా మిగులుతుంది కూడా.

వాళ్లకు అలవాటైపోయిందండీ, ఎవరూ అడగలేదు అన్నది మూడో అభ్యంతరం. నిజమే, అడగరు. అమర్త్యసేన్ దీన్ని గురించి చాలాచోట్ల రాశారు: లేమిలో ఉన్నవాళ్లు తమ కోరికలను దొరికేదాని కొలతకు కుదించుకుంటారు, కాబట్టి వాళ్లు తృప్తిగా ఉన్నారన్న మాటను బట్టి వాళ్ల బాగోగులు కొలవలేమని. ఇది యోగసూత్రాల్లోని సంతోషమనే నియమానికి పూర్తిగా ఎదురు మాటలా ఉంటుంది, కానీ కాదు. యోగి సంతోషం, ఇంకా పొందగలిగి ఉండీ చాలనుకోవడం. గుమస్తా సర్దుబాటు, అడిగితే ఏమనుకుంటారో అని నోరు కట్టుకోవడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఒకదాని గౌరవం రెండోదానికి అరువిచ్చేస్తాం. ఐరోపాలో 1990లో తెరల ముందు పనిచేసేవాళ్ల కోసం ఒక ఆదేశం తెచ్చారు. తెర, బల్ల, వెలుతురు ఎలా ఉండాలో చెప్పడమే కాక, ఉద్యోగికి కంటి పరీక్షలూ, ఆ పనికి ప్రత్యేకంగా కళ్లద్దాలు కావాల్సివస్తే అవీ, ఉద్యోగి మీద ఖర్చు పడకుండా ఏర్పాటు కావాలన్నారు. అడిగినవాడికి ఇవ్వమని కాదు, ఇవ్వడం యజమాని బాధ్యత అన్నారు. ఎవరూ అడగలేదన్న సాకును ముందే తీసేయడం అందులోని తెలివి. చిన్న ఆఫీసుకు చట్టం అక్కర్లేదు. కొనేముందు ఆ కుర్చీలో కూర్చునే మనిషినే షాపుకు తీసుకెళ్లి, తను రోజూ చూసే పేజీ తెరిపించి, ఏది బాగుందమ్మా అని అడిగితే చాలు. ధర చెప్పకముందు అడగాలి, చెప్పాక అడిగితే వచ్చే జవాబు మొహమాటంతో వస్తుంది.

డబ్బు నాది, వ్యాపారం నాది, పొదుపు నా ఇష్టం అనేవారికి గాంధీ గుర్తు చేయదగ్గవాడు. యంత్రాలకు బద్ధవిరోధి అని పేరుపడ్డ ఆయన 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనును మినహాయించారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూసి ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన చెప్పారు. సింగర్ జీవితం తెలిసినవాళ్లు ఈ కథకు నవ్వుకోవచ్చు, ఆయన అంత ఆదర్శ భర్తేమీ కాడు. కానీ గాంధీ కొలబద్ద కథతో పడిపోయేది కాదు. యంత్రాన్ని ఎంచేటప్పుడు దాని ముందు ఉన్న మనిషి మీది ప్రేమ ముందుండాలి, లాభం మీది ఆశ కాదు అన్నది ఆ కొలబద్ద. ఆయన ధర్మకర్తృత్వ భావనను దీని పక్కన పెట్టండి. వ్యాపారంలోని సొత్తుకు యజమాని ధర్మకర్త మాత్రమే అయితే, ఆ సొత్తును బిగబట్టడం అతని వ్యక్తిగత త్యాగమనిపించుకోదు. గుడి ధర్మకర్త దేవుడి దీపంలో నూనె తగ్గించి, నేనెంత పొదుపరినో చూడండి అంటే భక్తులు ఊరుకోరు. గాంధీ కొల్లాయి ఆయన కట్టుకున్నది, ఇంకొకరికి కట్టబెట్టింది కాదు.

ఇప్పుడు ఎదుటి వైపు నుంచి ఒక ప్రశ్న. అలాగైతే ఉద్యోగులు అడిగినవన్నీ కొనాలా, ఏటా కొత్త మోడళ్లు దించాలా, అపరిగ్రహానికి ఆఫీసులో చోటే లేదా? ఉంది, ఇంతసేపూ చెప్పిన కారణంతోనే ఉంది. ప్రపంచంలో 2022 ఒక్క ఏడాదిలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థం తయారైందనీ, పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది అందులో 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. మిగతాదాంట్లో కొంత ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు చేరి, చేతి తొడుగులైనా లేని మనుషులు పగలగొట్టి, కాల్చి రాగి తీసుకునే సరుకవుతుంది. అక్కర్లేని కంప్యూటరు కొన్నా, పనిచేసేదాన్ని పారేసినా ఆ పొగ ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకే. తక్కువ కొనడంలో కుర్చీలో ఉన్నవారి మీద హింస, ఎక్కువ కొనడంలో పాతసామాను గోదాములో ఉన్నవారి మీద హింస. సమంతభద్రుడి జాబితాలో అతిసంగ్రహం, అతిభారం ఒకే వాక్యంలో ఉన్నది ఇందుకే అనిపిస్తుంది. కాబట్టి మితం చూపాల్సిన చోటు సీపీయూ డబ్బా లోపల ఉంది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లు కావాలి. 2017 తర్వాతి యంత్రాల్లో చాలావాటికి ఇవి ఉన్నాయి, ఒక ఎస్‌ఎస్‌డీ, కాస్త ర్యామ్ చేరిస్తే మరో నాలుగైదేళ్లు లాగుతాయి. పెద్ద కంపెనీలు లీజు ముగిశాక వదిలేసిన డెస్క్‌టాప్‌లు బాగుచేసి సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అమ్ముతుంటారు. అలాంటి పాత సీపీయూకి కొత్త మంచి తెర జోడిస్తే చాలా ఆఫీసులకు అంతకు మించిన సంబంధం దొరకదు. దీనికి ఒక ఇబ్బంది ఉంది, దాచను. విండోస్ 11 ఎక్కని యంత్రాలకు లినక్స్ ఎక్కించుకోమని సలహా ఇవ్వడం తేలికే గానీ ట్యాలీ విండోస్‌కు రాసిన సాఫ్ట్‌వేరు. ఆఫీసంతా దాని చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆ సలహా అక్కరకు రాదు. బాగా నడుస్తున్న యంత్రాన్ని సాఫ్ట్‌వేరు కంపెనీ నిర్ణయం వల్ల పారేయాల్సి వస్తే ఆ సంగ్రహ దోషం కొన్న యజమానిది కాదు, పాతబడేట్టు చేసినవాళ్లది.

మిగిలింది కొనేవారూ కూర్చునేవారూ ఒకరే అయిన సందర్భం. ఒక్క మనిషే నడుపుకునే డీటీపీ సెంటరు, అను ఫాంట్లు, పాత మానిటరు, పక్కన ప్రూఫుల కట్ట. ఇక్కడ త్యాగం చేసేదీ అతనే, బాధ పడేదీ అతనే. నేను పెట్టిన అభ్యంతరం ఇక్కడ వర్తించదనిపిస్తుంది. తన కళ్లు, తన ఇష్టం. కానీ భగవద్గీత పదిహేడో అధ్యాయం ఈ తలుపునూ పూర్తిగా తెరిచి ఉంచలేదు. దంభంతో శరీరాన్ని కృశింపజేసే ఘోర తపస్సును ఆక్షేపించాక, మొండిపట్టుతో తనను తాను హింసించుకునే తపస్సునూ, ఇతరులకు కీడు చేయడానికి చేసే తపస్సునూ కలిపి ఒకే గాటన తామసం అంది. తనను బాధించుకోవడం, ఇతరుల్ని బాధించడం ఒకే జబ్బుకు రెండు రూపాలని గీతాకారుడి లెక్క. అయితే ఆ డీటీపీ ఆపరేటరు దగ్గర మొండిపట్టు ఉందని నేననుకోను. అతను పాత తెరను పట్టుకుని వేలాడుతున్నది తపస్సుకోసం కాదు, పేజీకి ఇంత అని కట్టిన రేటు కొత్త తెర కొననివ్వకపోవడం వల్ల. ఆ రేటు కట్టింది అతను కాదు. పుస్తకం అచ్చు వేయించుకునే రచయితలూ ప్రచురణకర్తలూ పత్రికలవాళ్లూ కట్టారు, కట్టినవాళ్లలో అపరిగ్రహం మీద వ్యాసాలు రాసేవాళ్లు కూడా ఉంటారు. కాబట్టి అతని బల్ల దగ్గర కూడా ఎంచుకున్నది ఒకరు, కూర్చున్నది మరొకరే. కాకపోతే ఇక్కడ ఎంచుకున్నవాళ్లకు క్యాబిను లేదు, కొటేషను లేదు, తామొక మానిటరును ఎంచుకున్నామన్న సంగతే వాళ్లకు తెలియదు.